వ్యాను ఎక్కని ఏడుగురు

ఆ ఆదివారం పొద్దున నవీన దేవుడి ముందు అగరుబత్తి వెలిగించబోతూ, ఎప్పటిలాగే కుర్చీ ఎక్కి ఇంటి కప్పుకి బిగించిన స్మోక్ అలారానికి తువ్వాలు చుట్టింది. పరదేశంలోని ఈ పాపటోయిటోయి ఊళ్లో, ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ధూపానికి అలారం మోగి, పక్కింటి ఫిజీ ఆంటీ నీళ్ల బకెట్టుతో పరుగెత్తుకొచ్చింది. అప్పటి నుంచి ఆ తువ్వాలు కూడా పూజలో ఒక భాగమైపోయింది.

ఇక్కడ చలికాలం జూన్‌లో; ఆ చలికి కిటికీ అద్దాల నిండా నీటి చెమ్మ పట్టింది. హాల్లో ఆమె భర్త విఠల్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. విమానాశ్రయం దగ్గర ఒక పెద్ద వేర్‌హౌస్‌లో అతను షిఫ్ట్ సూపర్‌వైజర్. ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకు తెలంగాణ సంఘం వాళ్ల అవతరణ వేడుక ఉంది. రాష్ట్రం వచ్చి రెండేళ్లయింది. అందులో విఠల్ మాట్లాడాలి.

మూడేళ్ల క్రితం విఠల్, సంఘం వాళ్లు కలిసి తెలంగాణలోని అతని ఊరి పిల్లల కోసం ఒక స్కూల్ వ్యాను కొనిచ్చారు. మండలంలో విఠల్ చిన్ననాటి స్నేహితుడు నడిపే ఇంగ్లీషు మీడియం బడికి అది పిల్లల్ని తీసుకువెళ్తుంది. వ్యాను మీద విఠల్ తండ్రి పేరు రాయించారు. రెండో వ్యాను సంగతి ఇవాళ ప్రకటించబోతున్నారు.

కూతురు రుచిత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆ వ్యానులో వెళ్లే పిల్లలు రాసి పంపిన ఉత్తరాలను వేదిక మీద చదవడానికి సాధన చేస్తోంది. పదమూడేళ్ల ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటానికి తడుముకుంటుంది. ఎదురుగా నానమ్మ భాగ్యమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆమె ఊరి నుంచి వచ్చి రెండు నెలలైంది.

"నానమ్మా, ఇవన్నీ బాయ్సే. గర్ల్స్ లెటర్స్ ఏవి?"

"ఉంటయి బిడ్డా, చూడు."

"చూసిన. ఓన్లీ టూ. కీర్తన లెటర్ కూడా లేదు. తను నా ఏజే కదా? తను ఏ వ్యాన్‌లో వెళ్తుంది?"

కీర్తన విఠల్ చెల్లెలు పుష్పలత కూతురు. పుష్పలతను అదే ఊళ్లో ఇచ్చారు. భాగ్యమ్మ చేతులు ఆగాయి. చేతిలోని చిక్కుడుకాయను గిన్నెలో పడేసింది.

"అది ఏ వ్యానూ ఎక్కదు. అది బడికే పోతలేదు" అంది.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి విఠల్ వచ్చాడు. "ఏందమ్మా నువ్వనేది? కీర్తన బడికి పోతలేదా? ఎప్పటి సంది?"

"పోయినేడు సంది. ఇంట్ల కూసోని వాళ్ల నాయినమ్మతోని బీడీలు చేస్తుంది."

"పుష్పకు బుద్ధి లేదా? అది పది చదివి అంగన్‌వాడీ టీచరైంది. దాని బిడ్డను బీడీలకు కూసోబెడ్తదా?"

"పుష్ప పది చదివింది ఎక్కడ? మన ఊరి బడిల. ఇంటికాడికెళ్లి కేకేస్తే ఇనవడేంత దూరం. ఇప్పుడు మన బడిల ఎనిమిది, తొమ్మిది, పది లెవ్వు. పిల్లలు తక్కువైండ్రని పక్కూరి బడిల కలిపిండ్రు."

"అయితే పక్కూరికి పోవాలె. నాలుగు కిలోమీటర్లే కదా."

"నడుమల గ్రానైటు క్వారీ ఉంది. పొద్దుందాక లారీలు. ఆ డ్రైవర్లు పిల్లలను చూసి ఏమంటరో నా నోటితోని చెప్పలేను. మీ బావ వద్దన్నడు. పుష్ప ఏడ్సింది, కొట్లాడింది. ఆయన ఇననే లేదు."

విఠల్ ముఖం ఎర్రబడింది. "మరి దానికి నేనేం చేస్త? బడి ఎత్తేసింది సర్కారు."

"సర్కారే ఎత్తేసింది. పిల్లలు లేరని ఎత్తేసింది" భాగ్యమ్మ గొంతు పెంచలేదు. "ఆ పిల్లలను ఎవలు ఎక్కించుకపోయిండ్రు కొడుకా?"

నవీన హారతి పళ్లెం చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నీ వ్యాను వచ్చినంక, ఫీజు కట్టగలిగినోళ్లు కొడుకులను ఇంగ్లీషు బడికి తోలిండ్రు. ఇంట్ల ఇద్దరుంటే పిలగాన్ని వ్యానెక్కించుడు, ఆడివిల్లను ఊరి బడిల ఉంచుడు. చూస్తుండంగనే మన బడిల ఆడివిల్లలే మిగిలిండ్రు. గీ కొద్దిమందికి ఇంతమంది సార్లెందుకని కలిపేసిండ్రు."

"అంటే నేను తప్పు చేసిన్నా?" విఠల్ గొంతు హెచ్చింది. "తెలుగు మీడియంల చదివి, పై చదువుకని ఈ దేశం కొసకున్న ఇన్వర్‌కార్గిల్‌కు వచ్చినప్పుడు క్లాసుల నోరు తెరువరాక ఎట్ల ఏడ్చిన్నో నీకెర్కనా? గడ్డకట్టే చలిల, రూముల ఒక్కన్నే. మన ఊరి పిల్లలకు ఆ బాధ ఉండొద్దనే కదా ఇచ్చింది! నా సోకుకు ఇచ్చిన్నా?"

"మీరు జర మెల్లగ మాట్లాడుండ్రి. అమ్మతోని అట్లనా?" అంది నవీన.

"అమ్మ రెండు నెలలాయె వచ్చి! ఇవాళ, ఇంకా ఆరు గంటలల్ల స్టేజి ఎక్కాలె నేను. ఇవాళ్నే చెప్పాల్నా?"

"నేను చెప్పలే. పిల్ల అడిగింది" అంది భాగ్యమ్మ.

విఠల్ కొంతసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత ఏదో దారి దొరికినట్టు ఆగాడు. "సరే. ఆ బడి నా దోస్తుదే. ఒక్క ఫోన్ కొడ్త. కీర్తన ఫీజు నేను కడ్త. స్కూళ్లు తెరిచిన రోజే వ్యానెక్కుతది. ఇగ ఈ ముచ్చట ఇడిచిపెట్టుండ్రి."

భాగ్యమ్మ మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. నవీన హారతి పళ్లెం దేవుడి ముందు పెట్టింది. ప్రతి ఆదివారం ఆ వ్యాను క్షేమంగా తిరగాలని మొక్కుకునేది. దేవుడికి ఇచ్చినంత భక్తిగా ఇచ్చాం కదా, ఎక్కడ తప్పింది స్వామీ అని లోపలే అడిగింది. ఇచ్చేవాడి మనసు మంచిదైతే సరిపోదా?

మూడు కావస్తుండగా హాలు ముందు కారు ఆపాడు విఠల్. ఊళ్లో అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర. లోపలికి వెళ్లకుండా కార్లోనే పుష్పలతకు వీడియో కాల్ చేశాడు.

"అన్నా, ఇవాళ మీ ఫంక్షనట కదా? అమ్మ చెప్పింది. ఏం తొడుక్కున్నవ్, చూపియ్యి" అంటూ నవ్వింది పుష్పలత.

"బడి సంగతి నాకెందుకు చెప్పలేదే?"

ఆమె నవ్వు ఆగింది. "చెప్పి ఏం చెయ్యాలె అన్నా? నువ్వు మంచికే చేసినవ్. వ్యాను మీద నాయిన పేరు చూస్తే నాకు ఇప్పటికీ కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. నువ్వు బాధపడ్తవని చెప్పలే."

తిట్టినా బాగుండేది అనిపించింది విఠల్‌కు. "కీర్తనకియ్యి ఫోను" అన్నాడు.

తెరమీద కీర్తన ముఖం కనబడింది. కింద ఒడిలో బీడీల చాట ఉందేమో, మాట్లాడుతున్నా ఆ పిల్ల భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"నిన్ను ఇంగ్లీషు బడిల చేర్పిస్త బిడ్డా. వ్యాన్ల పోతువు. సరేనా?"

"ఒక్కదాన్నేనా మామా?"

"నువ్వే కదా నా మేనకోడలు."

కీర్తన పక్కకు చూసింది. "మేము ఏడుగురం ఆగిపోయినం మామా. రోజూ ఒక్కతాననే బీడీలు చేస్తం. నేను వ్యానెక్కి పోతుంటే వాళ్లు అరుగు మీద కూసోని చూస్తరు. నేను పోను."

"గట్లంటే ఎట్ల? నీ చదువు నువ్వు చూసుకోవాలె."

"ఇంగ్లీషు బడి ఎందుకు మామా? పక్కూరి సర్కారు బడే మంచిగుంటదట. లెక్కల సారు మస్తు చెప్తడట. పోనీకి బండి లేదు, అంతే. ఆ వ్యాను మా దిక్కు రాదా?"

వ్యాను కాగితాలన్నీ స్నేహితుడి బడి పేరు మీదున్నాయి. దాన్ని ఎటు తిప్పాలో చెప్పే హక్కు ఇప్పుడు అతనికి లేదు. "మళ్లా చేస్త బిడ్డా" అని విఠల్ ఫోను పెట్టేసి స్టీరింగ్ మీద తల ఆనించాడు. వెనక సీట్లో రుచిత, నానమ్మ చెయ్యి పట్టుకుని అంతా వింటూ కూర్చుంది.

హాల్లో సంఘం అధ్యక్షుడు కృష్ణారావు మైకులో పిలిచాడు. "మన విఠల్! ఊరి రుణం తీర్చుకున్న మనిషి!"

చప్పట్లు కొట్టారు. విఠల్ వేదిక ఎక్కి, రాసుకొచ్చిన కాగితం తీయకుండానే మాట్లాడాడు.

"మన వ్యానుతోని కొందరు పిల్లలు ముందుకు పోయిండ్రు. అది నిజం. ఆ వ్యానుతోనే మా ఊరి బడి ఖాళీ అయ్యింది. అది కూడా నిజం. ఏడుగురు ఆడపిల్లలు ఇంట్ల కూసున్నరు. అందుల ఒకతి నా మేనకోడలు. ఈ సంగతి నాకు ఇవాళ పొద్దున తెలిసింది. రెండో వ్యాను ఇంకో ప్రైవేటు బడికి వద్దు. సర్కారు బడికి పోయే ఆడపిల్లల కోసం ఇద్దాం. కాగితాలు మన పేరుమీదనే ఉంచుకుందాం."

"సర్కారు బడికా? అక్కడ ఎవలు చదువుతరండీ?" వెనక వరుసలోంచి ఎవరో నవ్వారు.

"నేను చదివిన" అన్నాడు విఠల్.

నవ్వు ఆగింది కానీ చప్పట్లు రాలేదు. కృష్ణారావు మైకు అందుకుని, "ఇది కమిటీల మాట్లాడుకునే విషయం" అని తర్వాతి నాట్యానికి పిల్లల్ని పిలిచేశాడు. కిందికి దిగుతున్నప్పుడు చెవిలో, "పరువు తీసినవ్ కదా తమ్మీ" అన్నాడు. ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నారు. వేర్‌హౌస్‌లో కలిసి పనిచేసే ఒకాయన మాత్రం లేచి వచ్చి భుజం తట్టాడు.

విఠల్ వచ్చి నవీన పక్కన కూర్చున్నాడు. "టికెట్ చూడు. స్కూళ్లు తెరిచే నాటికి నేను ఊర్ల ఉండాలె. వ్యాను ఎప్పుడిస్తరో, ఇస్తరో ఇయ్యరో. అందాక ఒక ఆటో మాట్లాడి, మొదటి నాడు నేనే కూసోని తీస్కపోత. బావతోని కూడా నేనే మాట్లాడ్త."

"లీవు ఇస్తరా?"

"అడుగుత."

భాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

"ఊర్ల అందరు నిన్ను మెచ్చుకుంటుంటే, ఈ మాట చెప్తే చిన్నవోతవని నోరు మూసుకున్న. నేను నోరు మూసుకున్నందుకు ఆ పిల్లలకు ఒక ఏడాది పోయింది కొడుకా."

విఠల్ ఆమె ముందు నేలమీద కూర్చుని, ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీది కాదమ్మా తప్పు. వారం వారం ఫోన్ చేసిన. వ్యాను మంచిగ నడుస్తుందా అని అడిగిన. టైర్లెట్లున్నయని అడిగిన. మూడేండ్లల్ల ఒక్కసారన్న, ఎవలు ఎక్కుతలేరని అడగలే."