చెంచురామయ్య కొత్త చక్రాలు

బసవమ్మ పొద్దున్నే కల్లానికి వెళ్లి, ఆరబోసిన మిరపకాయల మీద కప్పిన పట్టా తీసి ఇంటికొచ్చేసరికి చెంచురామయ్య వాకిట్లో గొంతుక్కూర్చుని కారు చక్రాలు తుడుస్తున్నాడు.

అది పాత తెల్ల జెన్ కారు. మొన్న గురువారం దాకా దానికి మట్టి కొట్టుకుపోయిన ఇనప చక్రాలే ఉండేవి. ఇప్పుడు ఐదు రెక్కల వెండిరంగు అల్లాయ్ చక్రాలు ఎండకి తళతళలాడుతున్నాయి.

"ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అంది బసవమ్మ ఎటో చూస్తూ.

"ఇదొక్కటీ అయితే వస్తానే."

గురువారం నుంచీ ఆమె భర్తతో సరిగ్గా మాట్లాడడం లేదు. ఆరోజు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి, వచ్చేటప్పుడు పంక్చరు వేయించడానికి అలీ సాహెబ్ టైర్ల షాపులో ఆగాడు. పాత చక్రాలు అక్కడే ఇచ్చేసి వీటితో తిరిగొచ్చాడు. ఎందుకండీ ఇవి అని అడిగితే, "చూశాను, నచ్చాయి" అన్నాడు. అంతే. ట్రాక్టరు కొన్నా, కొడుకుని చదివించినా, ఏ పనైనా ఇద్దరూ అనుకునే చేశారు. అలాంటిది తనతో ఒక్క మాట అనలేదే అని ఆమె మనసు చిన్నబోయింది.

ఇడ్లీలు తిని చెంచురామయ్య మళ్లీ గుడ్డ పట్టుకునేసరికి కొడుకు నాగేంద్రబాబు నరసరావుపేట నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. బండి దిగుతూనే కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంటి నాన్నా ఇది? స్టాఫ్ రూములో నన్ను ఆటపట్టిస్తున్నారు. మీ నాన్నకి పాతికేళ్లొచ్చాయటగా మాస్టారూ అని."

"అననీలేరా."

"నీకేం, అననీ అంటావు. ఆ మాటలు పడేది నేను. ఇవి కాలేజీ కుర్రాళ్ల సరదాలు. అమ్మా, నువ్వన్నా చెప్పవేం?"

మూడు రోజులుగా బసవమ్మ లోపల కుమిలిపోతున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "నాతో చెప్పి చేశారా నేను చెప్పడానికి? బట్టతల, పంచెకట్టు, పైన ఆ తుండుగుడ్డ. ఈ కార్లోంచి దిగుతుంటే చూసేవాళ్లకి వేళాకోళంగా ఉండదూ?"

చెంచురామయ్య తలెత్తి కొడుకు వంక, తర్వాత భార్య వంక చూశాడు. చేతిలో గుడ్డ మడత పెట్టాడు.

"సరే. మీకు ఇబ్బందిగా ఉంటే ఎందుకు? ఇవాళే మార్పించేస్తాను" అన్నాడు. గొంతులో కోపం లేదు.

వాదనకి సిద్ధపడి వచ్చిన నాగేంద్రబాబు అరుగు మీద కూలబడ్డాడు. నెగ్గిన సంతోషం బసవమ్మకీ కలగలేదు. ఆయన ఒక్క మాటైనా ఎదురు చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. "నేనూ వస్తాను పదండి" అని చీర మార్చుకుని కారెక్కింది.

దారంతా ఆయన గుంతలు తప్పిస్తూ కారు నెమ్మదిగా నడిపాడు.

షాపు దగ్గర అలీ సాహెబ్ సంగతి విని, "మీ ఇష్టం రామయ్యగారూ, పాతవి ఇంకా ఇక్కడే ఉన్నాయి" అని జాకీ పెట్టి ముందు చక్రం ఊడదీశాడు. చెంచురామయ్య దాన్ని తనే అందుకున్నాడు. తుండుగుడ్డతో రెక్కల మధ్య దుమ్మంతా తుడిచి, నేల మీద గీసుకోకుండా పాత టైరు మీద ఆనించి, అక్కడే నిలబడి చూస్తుండిపోయాడు.

కుర్చీలో కూర్చున్న బసవమ్మ ఆయన్నే చూస్తోంది. ఈయన తనకోసమని కొనుక్కున్న వస్తువేమన్నా ఉందా అని గుర్తు చేసుకోబోయింది. చొక్కా గుడ్డ తను ఎంచిందే. తినేది తను వండిందే. ఫలానాది నచ్చిందని ఆయన నోటి వెంట వినడం ఇదే మొదటిసారి. ఆ ఒక్కదాన్నీ తను వేళాకోళం చేసింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సాహెబుగారూ, దాన్ని మళ్లీ బిగించెయ్యండి" అంది లేచి.

"ఏమైందే?" అన్నాడు చెంచురామయ్య.

"ఏం కాలేదు. బాగున్నాయి, ఉండనివ్వండి."

"మరి బాబు?"

"వాడితో నేను మాట్లాడతాను. ఈసారి ఏదన్నా నచ్చితే మాత్రం ముందు నాతో చెప్పండి."

"చెబితే వద్దంటావని భయమేసింది."

"అంటాను. అప్పుడు నాతో పోట్లాడండి. అంతేగానీ ఇలా సరే అనెయ్యకండి" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అలీ సాహెబ్ ఏమీ విననట్టే వంగి నట్లు బిగించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి నాగేంద్రబాబు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. "మార్చలేదా?" అన్నాడు.

"నేనే వద్దన్నాను. మీ స్టాఫ్ రూములో ఎవరన్నా అడిగితే మా అమ్మకి నచ్చాయని చెప్పు" అంది బసవమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "ఒరేయ్ బాబూ, మీ నాన్న ఇన్నాళ్లలో నాకిది కావాలి అని అడిగింది ఒక్కటి చెప్పరా."

నాగేంద్రబాబు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఏదీ తట్టలేదు. లేచి వెళ్లి కారు పక్కన కూర్చుని చక్రం మీద చెయ్యి వేశాడు.

"బాగానే ఉన్నాయి నాన్నా" అన్నాడు. "పొద్దున అలా అనకుండా ఉండాల్సింది. తాళాలివ్వు, ఒక రౌండు వేద్దాం."

చెంచురామయ్య కొడుకు పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. బసవమ్మ వెనక ఎక్కి, కిటికీ అద్దం కిందికి దించింది. కారు వీధి మలుపు తిరిగింది. ఎదురుగా బస్టాండు, టీ కొట్టు ముందు నిండా జనం.

"ఇక్కడ కాస్త నెమ్మదిగా పోనీ నాయనా" అంది. "అందర్నీ చూడనివ్వు."