పచ్చగుడ్డ పలక మీది తంతి

తెల్లవారగానే వీరయ్య యథాప్రకారం లేచాడు. గేదెకు జొన్నచొప్ప వేసి, నూతి దగ్గర స్నానం ముగించి, తులసికోటలో నీళ్లు పోసి, పీట మీద కూర్చుని విష్ణుసహస్రనామం మొదలుపెట్టాడు. నామాలు నోటి వెంట వాటంతట అవే వెళ్లిపోతున్నాయి. పూర్వం ఒక్క అక్షరం తొట్రుపడితే శ్లోకం మళ్లీ మొదటినుంచీ ఎత్తుకునేవాడు. ఇవాళ చదివిన శ్లోకమే రెండుసార్లు చదివానని తెలిసి కూడా ఆగలేదు. వంటింట్లో ఉన్న కూతురు సరస్వతమ్మ అది విని ఒకసారి తొంగిచూసి, పొయ్యి వైపు తిరిగింది.

భార్య హనుమాయమ్మ పోయి ఆనాటికి ఇరవైతొమ్మిది రోజులు. మర్నాడు నెలమాసికం. అందుకోసమే సరస్వతమ్మ నడికుడిలోని అత్తవారింటినుంచి వచ్చింది. చెన్నపట్నంనుంచి కొడుకు నరసింహారావు కూడా ముందురోజు సాయంత్రం నరసరావుపేటలో రైలు దిగి, సొంతూరు రొంపిచెర్లకు నడిచి వచ్చాడు. తండ్రీ కొడుకులు ఒక్క మాటయినా మాట్లాడుకోలేదు.

నరసింహారావుకు ఇరవైనాలుగేళ్లు. స్కూలు ఫైనలు కాగానే చెన్నపట్నంలో ఒక దొరల క్లబ్బులో ఆటసామాను భద్రపరిచే పనికి కుదిరాడు. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టి, పచ్చికబయలు మీదుగా ఎంతో దూరాన ఉన్న గుంటలో వేసే గోల్ఫు ఆట అక్కడిది. అక్కడ ఆట నేర్పే స్కాట్లండు దొర ఈ కుర్రవాడి భుజాన్నీ చూపునూ గమనించి, పొద్దుటిపూట తన పక్కన నిలబెట్టుకుని విద్య చెప్పాడు. అయిదేళ్లలో శిష్యుడు గురువును మించి, ఆయన పక్కన తానూ దొరలకు నేర్పసాగాడు, పోటీలకూ దిగసాగాడు. యుద్ధం ముగిసింది, దొరలు ఒక్కొక్కరే ఓడలెక్కుతున్నారు. గురువూ స్వదేశానికి బయలుదేరుతూ తన స్థానానికి ఇతని పేరే చెప్పాడు. వచ్చే నెల మొదటి తారీకునుంచి నరసింహారావు ఆ క్లబ్బుకు ప్రొఫెషనలు. అంటే జీతం పుచ్చుకుని ఆట నేర్పేవాడు, క్లబ్బు తరఫున పోటీలకు దిగేవాడు.

వీరయ్యకు ఆ ఆట ఎట్లాంటిదో తెలియదు. తన కొడుకు దొరలకే విద్య నేర్పుతున్నాడన్నది మాత్రం తెలుసు. నరసరావుపేట సంతలో, బంధువుల పెళ్లిళ్లలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. దొరలతో భుజం కలిపి కొడుకు పాలరాతి మెట్లు ఎక్కుతున్నట్టు తనలో తాను చిత్రించుకుని మురిసిపోయేవాడు.

ఆ మురిపెమంతా కిందటి నెలలో చచ్చిపోయింది. హనుమాయమ్మకు జబ్బు ముదిరిన శనివారంనాడే కొడుక్కు తంతి, అంటే టెలిగ్రాము, ఇచ్చాడు. ఆమె మూడు రోజులు కొడిగట్టిన దీపంలా ఉండి, బండి చప్పుడయినప్పుడల్లా అబ్బాయి దిగాడా అని అడిగి, మంగళవారం కన్నుమూసింది. వీరయ్య తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. నరసింహారావు గురువారంనాటికి గాని రాలేదు. తరువాత పేటలో ఒక ప్లీడరు, మీవాడు నెగ్గాడండీ అంటూ ఇంగ్లీషు పత్రిక చూపించాడు. పోటీ జరిగినది సోమవారం, తంతి వెళ్లిన రెండు రోజులకు. ఆ రోజునుంచి వీరయ్యకు అన్నం మట్టిముద్దలా ఉంది. కోపం కూడా రావడం లేదు. లోపల ఎవరో తలుపులన్నీ మూసి తాళం వేసుకుపోయినట్టుంది.

పూజ ముగిసేసరికి పురోహితుడు కబురంపాడు. రేపటి మాసికానికి కర్తగా కూర్చునేది ఎవరని. కొరివి పెట్టినవాడే ఏడాదీ జరపవచ్చుననీ, కొడుకు వచ్చాడు గనుక అతడు పూనుకున్నా దోషం లేదనీ. వీరయ్య కొడుకును పిలిచాడు. నరసింహారావు వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

"రేపు నువ్వు కూర్చోవచ్చు. కానీ ఒకటి. ఆ ఆట మానేస్తానని నీళ్లొదిలి చెప్పి కూర్చో" అన్నాడు వీరయ్య. పొలానికి ఎరువు తోలమన్నంత మామూలుగా అన్నాడు. "కన్నతల్లి నీకోసం చూస్తుంటే బంతి కొడుతున్నావు. ఆ చేత్తోటి పిండం పెడితే ఆమె తీసుకోదు."

నరసింహారావు తన అరచేతులు చూసుకున్నాడు. కర్ర పట్టి పట్టి కాయలు కాచిన చేతులు.

"అట్టాగే నాయనా. మానేస్తా" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని వీరయ్య అనుకోలేదు. ఒప్పుకున్నందుకు సంతోషమూ కలగలేదు. అప్పుడే సరస్వతమ్మ పెరట్లోంచి వచ్చింది. తమ్ముడి చొక్కా ఉతకబోతూ జేబు తడిమినట్టుంది, చేతిలో నలిగిన కాగితం ఉంది.

"ఏందక్కా, అది నీకెందుకు. ఇటియ్యి" అని నరసింహారావు చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు. "నాయనా, నువ్వు ఇచ్చిన తంతి ఇదే. పైన విలాసం ఏం రాయించావో చూడు" అంది.

వీరయ్య చూడనక్కరలేదు. తాను చెప్పి రాయించినదే. ఆ శనివారం, తల్లికి జబ్బని వచ్చి ఉన్న సరస్వతమ్మ ఒక చీటీ చేతికిచ్చింది. తమ్ముడి ఉత్తరాలన్నీ ఈ విలాసానికే వెళతాయి, క్లబ్బు గేటు ఎదుట మీరా సాహెబు సోడా అంగడి అని. తపాలా కచేరీలో వీరయ్య ఆ చీటీ మడిచి బొడ్లో దోపుకున్నాడు. దొరలకు నేర్పేవాడికి సోడా కొట్టు పేరుతో తంతి ఏమిటనుకుని, క్లబ్బు మేడ పేరే చెప్పి, కొడుకు పేరుకు చివర గారు కూడా చేర్పించాడు.

"మూల ఎర్రసిరాతో రాశారు. ఇతడు సభ్యుడు కాడు అని" అంది సరస్వతమ్మ. ఆమెకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. "ఏందిరా ఇది? నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

నరసింహారావు చాచిన చెయ్యి దించేశాడు. తరువాత ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది. క్లబ్బు మేడలోకి సభ్యులే వెళ్లాలి. జీతానికి ఆడేవాడు మెట్టు ఎక్కరాదు. అతడి గురువు తెల్లవాడయినా పెరటి దారినే వచ్చేవాడు, కొట్టంలోనే భోంచేసేవాడు. సభ్యులకు వచ్చిన తంతులు హాల్లో పచ్చగుడ్డ పరచిన పలకకు గుచ్చుతారు. గారు చూసి గుచ్చిన ఆ తంతి, సభ్యుడు కాడని తెలిశాక కూడా ఎవరూ బయటికి పంపక, మూడు రోజులు అక్కడే ఉంది. ఆ హాలు కిటికీ పక్కనుంచే అతడు రోజూ మైదానానికి నడిచాడు. మంగళవారం సాయంత్రం సోడాబుడ్లు దించడానికి లోపలికి పోయిన మీరా సాహెబు పేరు గుర్తుపట్టి, పీకి తెచ్చి చేతిలో పెట్టాడు.

"వచ్చిన్నాడే చెప్పొచ్చుగా" అన్నాడు వీరయ్య.

"ఎట్టా చెప్పను నాయనా. నువ్వు ఊరంతా చెప్పుకున్నావు. మెట్లు కూడా ఎక్కనీరని తెలిస్తే నీ తల వంగిపోదా. అమ్మ ఎట్టాగూ పోయింది. తప్పు నా మీదే ఉండనీ అనుకున్నా."

వీరయ్య ఆ కాగితం అందుకున్నాడు. గారు అన్న మాట మీద అతడి వేలు ఆగింది. మూడు రోజులు ఆమె గుమ్మం వైపు చూసింది. ఆ మూడు రోజులూ గోడకు గుచ్చి ఉంచినది తన డాబే. ఆ సంగతి మెదడుకు అందింది గాని గుండెకు దిగడానికి చాలాసేపు పట్టింది. దిగినప్పుడు అతడు అరుగు మీద కూలబడి, పై కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. సరస్వతమ్మ దగ్గరికి రాబోతే చేత్తో వద్దన్నాడు.

మర్నాడు పురోహితుడు దర్భాసనం వేసి కర్త ఎవరని అడిగాడు. "కొడుకుండగా ఇంకెవరు" అన్నాడు వీరయ్య. నరసింహారావు నీళ్లచెంబు అందుకుని, ఆట మానేస్తానన్న మాట చెప్పబోయాడు. తండ్రి ఆ చెంబు పక్కకు జరిపాడు.

"ఆ మాట నేను తీసుకోలా. నువ్వు కూర్చో."

క్రతువు ముగిసి, భోజనాలయి, బ్రాహ్మలు వెళ్లిపోయారు. తండ్రీ కొడుకులు వసారాలో మిగిలారు. ఎండ వాకిట్లోంచి మెల్లగా వెనక్కి తగ్గుతోంది.

"ఒకటో తారీకున చేరాలటగా. నేనూ వస్తా" అన్నాడు వీరయ్య.

"లోపలికి రానీరు నాయనా."

"నిన్నే ఎక్కనీని మెట్టు నాకెందుకురా. ఆ మీరా సాహెబుకు నేను దణ్ణం పెట్టాల. ఆయన అంగడి ముందే కూర్చుంటా." వీరయ్య కండువా భుజాన సర్దుకున్నాడు. "నువ్వు బంతిని కొడితే ఆ చప్పుడు అక్కడికి వినపడుద్దా?"

నరసింహారావు తల ఎత్తలేకపోయాడు.

"వినపడుద్ది నాయనా" అన్నాడు.