వెయ్యి అన్న మాట

ఎండకట్టు సైరన్ మోగగానే రెంటచింతల వీధులు ఖాళీ అయిపోయాయి. ఊరు ఊరంతా ఎవరి పెరటికొలనులోకి వాళ్ళు దిగి, మెడదాకా నీళ్ళలో కూర్చుంది. పొద్దువాలేదాకా చదువులైనా, ఉద్యోగాలైనా, మొగుడూపెళ్ళాల పోట్లాటలైనా అక్కడే. బయట ఉంటే ప్రాణం నిలవదు.

మురారి ఒళ్ళో అతని కూతురు మిథిల వడిలిపోయి పడుంది. జ్వరం, వాంతులు. ఏడేళ్ళ పిల్ల, తల నిలపలేకపోతోంది. జ్వరమని నీళ్ళలోంచి తీద్దామంటే బయట నిప్పులు. పక్కనే అతని అక్క భద్రమ్మ పిల్ల అరికాళ్ళు రాస్తూ ఊరి దేవతలందరినీ పేరుపేరునా నిలదీస్తోంది. భద్రమ్మ నోరు మూసుకున్న క్షణం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి డాక్టరుగారూ. పచ్చదీపం వెలుగుతూనే ఉంది," అన్నాడు మురారి, గోడతెరలో కనిపిస్తున్న డాక్టర్ నస్రీన్‌తో.

"ఆ దీపం క్లోరిన్ ఉందని చెప్తుందండీ, పనిచేస్తోందని చెప్పదు. గొడుగుమందు ఎంతుందో జలపాలిని అడగండి."

గొడుగుమందు అంటే ఎండకు క్లోరిన్ ఇగిరిపోకుండా కాపాడేది. తగుమాత్రం ఉంటే మేలే. ఎక్కువైతే మాత్రం క్లోరిన్‌ను గట్టిగా పట్టేసుకుని వదలదు. క్రిములు ఎదురుగా ఈదుతున్నా క్లోరిన్ ఏమీ చేయలేదు. ఈ రెండింటి తూకం చూడటానికే ప్రతి కొలను గోడకూ జలపాలి అనే యంత్రం ఉంటుంది. ఎవరు ఏ యాసలో మాట్లాడినా అర్థం చేసుకుంటుందని దానికి గొప్ప పేరు. గొడుగుమందు విషయంలో ఇంటివాళ్ళ మాటే దానికి వేదం.

మురారి అడిగాడు.

"ఉండవలసినదానికి పదిరెట్లు ఉంది," అంది జలపాలి మర్యాదగా. "ఇంటివారు చెప్పినంతే వేశాను."

"ఎవరు చెప్పారు?"

జలపాలి తను విన్నది వినిపించింది. "ఎండ పెరిగింది. గొడుగుమందు ఎంత వేయమంటారు?" అని దాని గొంతు. వెంటనే భద్రమ్మ గొంతు: "వెయ్యి నాయనా, వెయ్యి. పిల్లకి ఎండ తగలకుండా వెయ్యి. అడగాలా ఏంటి?"

వేయమంది ఆ పిచ్చితల్లి. వెయ్యి గ్రాములని విన్నది యంత్రం. రోజూ అడిగింది, రోజూ వేసింది.

భద్రమ్మ రాస్తున్న చేయి ఆగిపోయింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందే!" అని మురారి తల కొట్టుకున్నాడు. "ఇప్పుడేం చేయాలి డాక్టరుగారూ?"

"దానికి విరుగుడు లేదండీ. నీళ్ళు తోడేసి కొత్తవి పోయడమే. ముందు పిల్లని వేరే కొలనులోకి మార్చండి. ఆలస్యం చేయొద్దు."

వేరే కొలనంటే ఎదురింటిదే. మధ్యలో వీధి, నడినెత్తిన సూర్యుడు. మురారి తడిదుప్పటిలో పిల్లని చుట్టి పరుగెత్తాడు. దుప్పటి వీధి మధ్యలోనే ఎండిపోయింది. "నా బంగారం, నా తల్లీ, కళ్ళు తెరువు," అని అరుస్తూనే ఉన్నాడు. పిల్ల పలకలేదు. ఎదురింటి కోటిలింగం తలుపు తీసి, ఒక్క మాటైనా అడక్కుండా ఇద్దరినీ తన కొలనులోకి లాగేశాడు. చాలాసేపటికి మిథిల మూలిగింది. మురారి పసివాడిలా ఏడ్చాడు.

పిల్ల కోలుకుంది. కొత్త నీళ్ళొచ్చాయి. తయారీదారులు జలపాలిని సరిదిద్దారు. ఇప్పుడది ప్రతిమాటకూ రెండుసార్లు అడుగుతుంది. "నీ తప్పేం లేదక్కా," అని మురారి చెప్పని రోజు లేదు. భద్రమ్మ తలూపుతుంది. అంతే. ఆకలేస్తే కంచం చూపిస్తుంది. దాహమేస్తే గ్లాసు చూపిస్తుంది.

ఒక మధ్యాహ్నం మిథిల కావాలనే ఆమె మొహంమీద నీళ్ళు చిమ్మింది. భద్రమ్మ కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ చిమ్మింది. మళ్ళీ తుడుచుకుంది.

"తిట్టవేం అత్తా?" పిల్ల ఆమె కొంగు పట్టుకుంది. "నామీద కోపమొచ్చిందా? ఒక్కసారి తిట్టవా?"

భద్రమ్మ కళ్ళు నిండిపోయాయి. పిల్లని దగ్గరకు లాక్కుని నోరు తెరిచింది. వినడానికి సిద్ధంగా, గోడమీద జలపాలి చెవిదీపం వెలిగింది.

భద్రమ్మ నోరు మూసుకుంది.