తొంభై ఆరున్నర

సోమవారం. ఉదయం 8:50.

వనపర్తిలో ఒక ప్రైవేటు పీజీ కాలేజీ. కెమిస్ట్రీ ల్యాబ్ తలుపు తీసిన అటెండర్ జోగులమ్మ కెవ్వున అరిచింది.

డిపార్ట్‌మెంట్ హెడ్ లక్ష్మణ్ నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద రక్తం ఎండిపోయింది. పక్కనే ఉన్న టేబుల్ రాతి అంచుకూ రక్తమే.

9:20కి ఎస్సై వనజ వచ్చింది. గద్వాలలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి పోలీసు ఉద్యోగంలో చేరిన మనిషి. ల్యాబ్ వాసన ఆమెకు కొత్త కాదు.

"నిన్న మధ్యాహ్నం మూడుకూ ఐదుకూ మధ్య," అన్నాడు డాక్టర్. "వెంటనే పోలేదు మేడం. అరగంట పైనే బతికి ఉంటాడు."

"మరి ఫోన్ చెయ్యలేదేం?"

లక్ష్మణ్ ఫోన్ గది అవతలి చివర, కిటికీలో ఉంది. ఎవరో తీసి అక్కడ పెట్టారు.

వనజ తలెత్తి బోర్డు చూసింది. నీలం మార్కర్‌తో ఒక లెక్క.

2.5 ఎలక్ట్రాన్ వోల్ట్ = 57.5 కిలోజౌల్స్ పర్ మోల్.

దాని కింద ఎర్ర మార్కర్‌తో సున్నా. సున్నా కింద రెండు గీతలు.

"అది క్లాసుదై ఉంటది మేడం," అన్నాడు కానిస్టేబుల్.

"కాదు సార్," అంది జోగులమ్మ. "శనివారం పొద్దుమీకి బోర్డు నేనే తుడిచిన. తాళం గూడ నేనే ఏసిన. ఇంకో తాళంచెవి లక్ష్మణ్ సారు దగ్గర్నే ఉంటది."

అంటే ఈ లెక్క ఆదివారం రాసింది.

లెక్చరర్ ఉదయ్ కిరణ్‌ను పిలిపించింది. హెడ్ పోస్టు కోసం లక్ష్మణ్‌తో రెండేళ్లుగా గొడవ పడుతున్నవాడు.

"నిన్న మూడు గంటలకు యాడున్నరు?"

"కొత్తకోటల. కారు రిపేరుకిచ్చిన. ఆరు దాకా మెకానిక్ దగ్గర్నే."

"ఈ రాత ఎవరిది?"

"నీలం రాత లక్ష్మణ్ సార్‌ది." అతడు కళ్లు చిట్లించాడు. "కానీ లెక్క తప్పు మేడం. ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే ఒక్క అణువు లెక్క. కిలోజౌల్ పర్ మోల్ అంటే మొత్తం మోల్ లెక్క. పల్లికాయ గింజ బరువుకు, బస్తా బరువుకు ఉన్నంత తేడా. తొంభై ఆరున్నరతోటి గుణించాలె. 241 వస్తది. సార్ ఇరవై మూడుతోటి గుణించిండు. అది కిలోక్యాలరీలకు."

"ఆయన పీహెచ్‌డీ దేని మీద?"

"గద్వాల చీరల రంగుల మీద. ఎండకు ఏ రంగు ఎందుకు వెలుస్తదని. థీసిస్ నిండా ఇవే లెక్కలు."

లైబ్రరీ నుంచి థీసిస్ తెప్పించింది. నలభై రెండు రంగులు. అన్నీ కిలోజౌల్స్‌లో ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు.

థీసిస్‌లో ఒక్క లెక్కా తప్పు చేయని మనిషి బోర్డు దగ్గర ఎలా తప్పాడు?

"ఈయనకు సున్నా వేయాలనుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

ఉదయ్ కిరణ్ గొంతు తగ్గించాడు. "గీత అని ఒక స్టూడెంట్ ఉండె, మేడం."

ఆఫీసులో ఆ ఫైలు దొరికింది. మూడేళ్ల కిందటిది. కోడేరు అమ్మాయి. తల్లి తిమ్మమ్మ కూలికి పోతుంది. గీత రెండేళ్లు గద్వాల మగ్గాల చుట్టూ తిరిగి రంగులు పోగుచేసి లెక్కలు కట్టింది. ప్రాజెక్టుకు లక్ష్మణ్ వేసిన మార్కులు సున్నా. కారణం, కాపీ. పీజీ ఆగిపోయింది. తన లెక్కలే సార్ థీసిస్‌లో ఉన్నాయని ఆమె ఫిర్యాదు చేసింది. ప్రిన్సిపాల్ శ్రీనాథ్ అధ్యక్షతన ముగ్గురి కమిటీ కూర్చుంది. ఒకే వాక్యంలో తేల్చేసింది.

'నోటుబుక్కులోని అంకెలకూ థీసిస్‌లోని అంకెలకూ పొంతన లేదు.'

సాయంత్రం 5:10కి వనజ జీపు కోడేరులో ఆగింది. గీత ఇంట్లోనే ఉంది. నాగర్‌కర్నూల్‌లో ఒక స్కూల్లో టీచరు. ఏమీ అడగకుండానే పాత నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది.

"నిన్న యాడున్నవ్?"

"ఇంట్లనే ఉన్న మేడం."

నోటుబుక్కులో అంకెలన్నీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో ఉన్నాయి. వనజ జీపులో కూర్చుని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచింది.

మంగళవారం. ఉదయం 11:00. అదే ల్యాబ్.

శ్రీనాథ్, ఉదయ్ కిరణ్, జోగులమ్మ, గీత. నలుగురూ స్టూళ్ల మీద కూర్చున్నారు. బోర్డు మీది లెక్క అలాగే ఉంది. ఎర్ర సున్నా మీద మాత్రం కాగితం అంటించి ఉంది.

"బోర్డు తుడిచిన అని జోగులమ్మ చెప్పకపోతే దీన్ని క్లాసు లెక్కనుకొని ఇడిచిపెట్టేదాన్ని," అంది వనజ. "లెక్క తప్పని ఉదయ్ కిరణ్ గారు చెప్పకపోతే నాకు తోవ దొరికేది కాదు. తప్పు చేసినోళ్లు గట్ల సాయం చెయ్యరు. పైగా కొత్తకోట మెకానిక్ గూడ సాక్ష్యం చెప్పిండు."

ఆమె గీత ముందు ఎర్ర పెన్ను పెట్టింది. బోర్డు లెక్క రాసిన తెల్లకాగితం పెట్టింది.

"దిద్దు."

గీత పెన్ను తీసుకుంది. సున్నా చుట్టి, కింద రెండు గీతలు కొట్టింది.

వనజ బోర్డు మీది కాగితం లాగేసింది. అదే సున్నా. అవే రెండు గీతలు.

"ఎందుకు దిద్దమన్నరో నాకు ఎరికనే మేడం," అంది గీత. "ఆయన లెక్కకు సున్నా వెయ్యకుండ ఉండలేకపోయిన."

"ల్యాబ్‌కు ఎట్ల వచ్చినవ్?"

"శుక్రవారం కాలేజీ గేటు కాడ కలిసిన. అసలు నోటుబుక్కు యూనివర్సిటీకి పంపుతున్న అన్న. ఆదివారం ల్యాబ్‌కు రమ్మన్నడు. తెచ్చిన. సార్, గీ ఒక్క లెక్క చేసి చూపియ్యి, బుక్కు నీకే ఇస్త అన్న. నేను సార్‌కు ఇచ్చిన ఫెయిర్ బుక్కుల కిలోజౌల్స్‌కు గుణించి పెట్టిన అంకెలే థీసిస్ల ఎక్కించుకున్నడు. ఆయనకేం తెలుస్తది? యాభై ఏడున్నర అని రాసిండు. నవ్విన. సున్నా ఏసిన. బుక్కు గుంజుకోవచ్చిండు."

"పెనుగులాటల పడిండా?"

"కాదు. తోసిన. రెండు చేతులతోటి తోసిన."

"తర్వాత?"

"ఫోన్ ఇయ్యమన్నడు. తీసి కిటికీల పెట్టిన. ఎంతతోటి గుణించాలెనో చెప్పు సార్, 108కు నేనే చేస్త అన్న. ఇరవై మూడు అన్నడు. ఇంకోసారి అడిగిన. మళ్ల గదే అన్నడు. మూడోసారి అడిగితే పలకలే."

జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వనజ గీత దగ్గరికి వచ్చింది. "ఆ బుక్కు పట్టుకొని నా అసొంటోళ్ల దగ్గరికి వచ్చినా అయిపోతుండె గదనే."

"ముగ్గురు పెద్దమనుషుల దగ్గరికి పోయిన గద మేడం. ఒక్కరన్న గుణించిన్రా?"

లేడీ కానిస్టేబుల్ గీత చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు," అంది వనజ. నోటుబుక్కు, థీసిస్, క్యాలిక్యులేటర్ తెచ్చి ప్రిన్సిపాల్ ముందు పెట్టింది. "పొంతన లేదని సంతకం పెట్టింది మీరే గద సార్? తొంభై ఆరున్నరతోటి గుణించుండ్రి. గట్టిగ చదవుండ్రి. స్టేట్‌మెంట్ రాసుకుంటం."

శ్రీనాథ్ క్యాలిక్యులేటర్ నొక్కాడు. "1.84... 177.56."

"థీసిస్ల?"

"177.56."

"తర్వాతది."

"3.12... 301.08. థీసిస్ల గూడ... 301.08."

గీత నిలబడి వింటోంది. పదకొండో అంకె దగ్గర శ్రీనాథ్ చెమట తుడుచుకున్నాడు. "ఇగ చాలు మేడం. ఆమెవే. ఒప్పుకుంటున్న."

వనజ గీత వైపు చూసింది.

"ఇంక ముప్పై ఒకటి ఉన్నయ్ సార్," అంది గీత. "చదవుండ్రి."