బగ్గీకి కోసిన దారి

ఆదివారం పొద్దున్నే ఇహ్సాన్ వీధి చివరి ఆవిడ దగ్గర కోసిస్టర్లు తెస్తానని బయల్దేరాడు. కొబ్బరి చల్లిన ఆ తియ్యటి ముద్దలు లేకుండా ఆథ్లోన్ పేటలో ఏ ఇంటికీ ఆదివారం తెల్లవారదు. ఆయన వీధి మలుపు తిరగగానే భార్య ఫల్దీలా కూతుర్ని పిలిచింది.

"నూరాన్, కానియ్యి. నాన్న రాకముందే బగ్గీ అంచు కోసెయ్."

పెరట్లోని బగ్గీ అనే ఆ పైకప్పు లేని చిన్న మోటారు బండిని ఇహ్సాన్ తన చేతుల్తో, గాజునార చాపల మీద రెజిన్ జిగురు పోసి, ఫైబర్‌గ్లాస్‌తో చేసుకున్నాడు. దానికి తలుపుల్లేవు, పక్క అంచు మీదుగా కాలెత్తి ఎక్కాలి. మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి ఫల్దీలా అందులో కూర్చోలేదు. అంచు కాస్త తగ్గించమంటే ఆయన రేపు, మాపు అంటూ దాటేస్తూ వచ్చాడు. మొగుడికి తనకన్నా బండే ఎక్కువైందని ఆవిడ లోలోపల కుమిలిపోయింది.

నూరాన్ ముక్కుకి గుడ్డ కట్టుకుని అంచుని పెన్సిల్ గీత వెంబడి రంపంతో కోసింది. ఊడొచ్చిన ముక్క లోపలి రంగుని ఉప్పుకాగితంతో రుద్దుతుంటే, గట్టిపడిన రెజిన్‌లో పువ్వులు కనబడ్డాయి.

"అమ్మా, ఇదేంటి? లేసు గుడ్డలా ఉంది."

ఫల్దీలాకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అది అత్తగారు అల్లిన బల్లగుడ్డ. ఆవిడ చనిపోయిన ఏడాదే బీరువాలోంచి మాయమైంది. ఆడపడుచు జుబైదాయే పట్టుకెళ్లిందని ఫల్దీలా నలుగురిలో అనేసింది. "మా అమ్మ గుడ్డ నేను దొంగిలిస్తానా వదినా" అని ఏడుస్తూ వెళ్లిన మనిషి మళ్లీ ఈ గడప తొక్కలేదు.

పొట్లంతో వచ్చిన ఇహ్సాన్ ఆ ముక్కని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"గ్లాసు చాప చాల్లేదు," అన్నాడు చివరికి. "రెజిన్ అప్పటికే కలిపేశాను. ఆగితే డబ్బాలోనే గడ్డకడుతుంది. చేతికి అదే దొరికింది. నీకు చెబుదామనుకునేలోగా జుబైదాని అనేశావు."

"అన్నాకైనా చెప్పొచ్చుగా మీరు."

"చెబితే నీ పరువు పోతుందని... కాదులే. నాదే పోతుందని భయపడ్డాను. అందుకే అంచూ కోయలేదు."

"మరి జుబైదా అత్త పరువో నాన్నా?" అంది నూరాన్.

ఫల్దీలా పొట్లం విప్పి ఒక ముద్ద కొరికింది.

"ఇవి వీధి చివరి ఆవిడ చేసినవి కావు కదూ?"

ఇహ్సాన్ తల దించుకున్నాడు.

"మీరు వీటిని తెచ్చిన మొదటి ఆదివారమే నాకు తెలిసింది. ఎండబెట్టిన కమలాతొక్క ఇంత దండిగా వేసేది జుబైదా ఒక్కతే. దాన్ని దొంగ అన్న నోటితోనే ఇన్నేళ్లూ తిన్నాను," అంటూ ఫల్దీలా ఏడ్చేసింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, ముక్కని తువ్వాల్లో చుట్టి, కోసిన చోటు నుంచి మెల్లగా బగ్గీలోకి ఎక్కి కూర్చుంది.

"అంచు తర్వాత నున్నగా చేద్దురుగాని. ముందు జుబైదా ఇంటికి పోనివ్వండి. మీరూ చెప్పాలి, నేనూ చెప్పాలి."

జుబైదా పిండి చేతులతోనే తలుపు తీసింది. తువ్వాలు విప్పి చూసి, తల్లి అల్లిన పువ్వుల్ని వేలితో చాలాసేపు తడిమింది. గుడ్డ తానే వాడేశానని ఇహ్సాన్ ఒప్పుకున్నాడు. ఫల్దీలా నోట క్షమించమన్న ఒక్క మాటే వచ్చింది.

"నువ్వు లోపలికి రా వదినా, టీ పెడతాను," అంది జుబైదా కళ్లు ఒత్తుకుంటూ. "అన్నయ్యని కాసేపు బయటే నిలబడనీ."