నీలం ఉన్ని టోపీ

శనివారం పొద్దున మైరా పొయ్యి దగ్గర ఓట్స్ జావ కలుపుతోంది. ఆమె రెండో భర్త లోర్న్ చల్లారిన కాఫీ కప్పు పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. కూతురు బ్రిన్ మెట్లు దిగి వచ్చి, ఆయన వైపు చూడకుండా కుర్చీ లాక్కుంది.

"అమ్మా, ఇక నా ఆటకి ఈయన్ని రానివ్వకు."

"ఏం మాటలే అవి?"

"నిన్న నువ్వు డ్యూటీలో ఉన్నావు, చూడలేదు. ఊరంతా నవ్వింది."

నిజమే, నవ్వింది. లోర్న్ పడమటి తీరంలో పడవల మధ్య పెరిగినవాడు. ఐస్ హాకీ గొడవ ఆయనకెప్పుడూ పట్టలేదు. పెళ్లయి ఈ ఊరొచ్చాక, గోల్ కాపలా కాసే ఈ పదిహేనేళ్ల పిల్లతో రెండు మాటలు కలుస్తాయని ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో పక్ అనే ఆ చిన్న నల్ల రబ్బరు బిళ్ల ఎటు పోతోందో కూడా కనిపించేది కాదు. పోనుపోను రుచి తగిలింది. ఒకే ఆటలో ఒకరు మూడు గోల్స్ కొడితే జనం టోపీలు మంచు మీదకు విసురుతారని మొన్ననే తెలుసుకుని, ఆ ముచ్చట కోసం కాచుకుని ఉన్నాడు.

మైకులో "ఆమెకిది మూడో గోల్" అనగానే, మైరా అల్లిచ్చిన నీలం టోపీ తీసి, మైదానం చుట్టూ ఉన్న అద్దాల గోడ మీదుగా విసిరేశాడు. కొట్టింది అవతలి జట్టు పిల్ల. సొంత జట్టుకు తప్ప టోపీ విసరరన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. ఆ మంచు మైదానం మొత్తానికి పడ్డది ఆ ఒక్క టోపీయే, అదీ బ్రిన్ కాళ్ల ముందు.

"నా మీద కొట్టినదానికి మా ఇంట్లోంచే బహుమానం," అంది బ్రిన్. "నాన్నుంటే ఇలా పరువు తీసేవాడా?"

మైరా గరిటె ఠక్కున పెట్టింది. "నోరు అదుపులో పెట్టుకో."

"దాన్నేమనకు. తప్పు నాదే," అన్నాడు లోర్న్. సిగ్గుతో ఆయన ముఖం మెడ దాకా ఎర్రబడింది. కప్పు కడిగి పెట్టి బయటికెళ్లిపోయాడు.

బుధవారం సాయంత్రం ఆటకు మైరా ఒక్కతే వచ్చి కూర్చుంది. మొదటి విరామం తర్వాత జట్లు వైపులు మారాయి. బ్రిన్ అలవాటుగా తన గోల్ వెనకున్న అద్దం వైపు చూసింది. ప్రతిసారీ ఆమెతో పాటు లోర్న్ కూడా కాఫీ ఒలకబోసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేవాడు. మిగతావాళ్లు పక్‌ని చూసేవాళ్లు, ఆయన మాత్రం ఆమెనే చూసేవాడు. ఇవాళ అక్కడెవరూ లేరు. తనన్న మాట గుర్తొచ్చి బ్రిన్‌కు తల కొట్టేసినట్టయింది.

ఆట అయ్యాక తల్లిని అడిగింది. "ఆయన ఇంట్లో ఉన్నాడా?"

"ట్రక్కులో. ఊరి రేడియోలో వింటానన్నాడు. లోపలికొస్తే నీకు చిన్నతనమట."

బ్రిన్ కాళ్లకు కట్టిన మెత్తలు కూడా విప్పకుండా, సంచి పట్టుకుని బయటికి పరుగెత్తింది. టోపీ లేని తలతో, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్న లోర్న్ గబగబా తలుపు తీశాడు.

"గెలిచారటగా," అన్నాడు నేల చూస్తూ. "చివర్లో ఆపింది... అది ఎడం చేత్తోనేనా?"

ఆమె సంచిలోంచి నీలం టోపీ తీసింది. మంచు మీద నుంచి తనే ఏరి, కోపంతో ఇన్నాళ్లూ దాచింది. దాన్ని ఆయన చెవుల మీదకు లాగి పెట్టింది.

"నాన్న మాటెత్తాను. సిగ్గుగా ఉంది."

"ఊరుకో తల్లీ."

"వచ్చే ఆటకి లోపల కూర్చోండి. టోపీ మాత్రం మనవాళ్లు కొడితేనే విసరాలి."

లోర్న్ తలూపాడు. "మనవాళ్లు కొడితేనే," అని మెల్లగా తనలో అనుకుని, టోపీ అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.