ముంతలో ఇసుక

స్టీలు డబ్బాలోకి మారుద్దామని ముంత మూతి విప్పిన అర్చనకు లోపల అమ్మ అస్థికలు కనిపించలేదు, తడి ఆరని ఇసుక కనిపించింది.

ఆమె అరవలేదు. ముంతను కాస్త వంచి, వేలు పెట్టి కదిపి చూసింది. ముదురు రంగు ఇసుక, మధ్యమధ్య చిన్న నత్తగుల్లలు. బూడిద లేదు, ఎముక ముక్క లేదు. వేపచెట్టు కింద నిలబడి ఆమె మొదట ఆలోచించింది చంకలో ఉన్న డబ్బా గురించే. మట్టి ముంత కారు కుదుపులకు పగిలిపోతుందని వదినె సుప్రియ చెబితే, మూత గట్టిగా పడే డబ్బా కోసం నిన్న గద్వాల బజారంతా తిరిగారు. ఇప్పుడు ఇందులో ఏం వెయ్యాలి?

అమ్మ భాగ్యమ్మ పోయి నెల దాటింది. అప్పటి నుంచి అర్చన ఒక్కసారి కూడా ఏడవలేదు. దినాలకు వచ్చినవాళ్లు పిల్ల ధైర్యం గలదని మెచ్చుకున్నారు. ధైర్యం కాదు. ఇంట్లో కరెంటు పోయినట్టు లోపల ఏదో ఆరిపోయింది. పని చెబితే చేస్తోంది, కంచం ముందు పెడితే తింటోంది. కాశీ ప్రయాణానికి సామాను సర్దమంటే నాలుగు రోజుల ముందే వనపర్తి నుంచి వచ్చి సర్దుతోంది.

వాకిట్లో కారు తలుపులన్నీ తెరుచుకుని ఉంది. డిక్కీలో చాపలు, దుప్పట్లు, గ్యాసు పొయ్యి, నీళ్ల క్యాన్లు. అన్న జితేందర్ వంగి స్టెప్నీలో గాలి చూస్తున్నాడు. గద్వాలలో పత్తి విత్తనాల దుకాణం అతనిది. ఎర్రవల్లి చౌరస్తాకు కాస్త ఇవతలున్న ఈ ఊరి నుంచి రోజూ పోయి వస్తాడు. ఈ కారు కొని ఎన్నాళ్లో కాలేదు.

"అన్నా, జర ఇటు రా," అని పిలిచింది.

"ఏంది? డబ్బా చిన్నగైందా?"

"అమ్మ లేదు."

జితేందర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ముంతలోకి చూశాడు. చెల్లెలి ముఖంలోకి చూసి మళ్లీ ముంతలోకి చూశాడు. ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదిలాడు.

"సుప్రియా," అన్నాడు. "నిన్న ఇంటికి ఎవరన్న అచ్చిండ్రా?"

వంటింట్లోంచి సుప్రియ పరుగున వచ్చింది. "నన్నడుగుతవేంది? నేను గూడ మీతోనే గద్వాలకు అస్తిని గద. బండి సర్వీసింగ్ అయ్యేసరికి పొద్దు గూకె. ఇంట్ల మామ ఒక్కడే ఉండె." ముంతలోకి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేతబడి చేసేటోళ్లు బొక్కలు ఎత్తుకపోతరంటరు. గట్లనా?"

ముగ్గురూ వేపచెట్టు కొమ్మ వైపు చూశారు. అస్థికలు ఇంట్లోకి తేకూడదని, తెల్ల గుడ్డలో కట్టిన ముంతను దినాల నాటి నుంచి ఆ కొమ్మకే వేలాడదీశారు. ఊళ్లో ఎవరు పోయినా పక్కనే ఉన్న బీచుపల్లికి పోయి కృష్ణలో కలిపి వస్తారు. జితేందర్ ఒప్పుకోలేదు. అమ్మను కాశీకి తీసుకుపోతానన్నాడు, అదీ తన కారులోనే. రైలెక్కితే సుఖం కదా అన్నవాళ్లందరికీ అతను ఒకే మాట చెప్పాడు.

"రైలైతే అది ఆగిన కాడనే ఆగాలె. కారైతే ఎక్కడంటే అక్కడ ఆపుకుంట పోవచ్చు."

నాగపూర్ అవతల ఎక్కడ ఆగాలి, జబల్‌పూర్‌లో ఎక్కడ పడుకోవాలి అంతా ఫోనులో గుర్తు పెట్టుకున్నాడు. గంటకోసారి ఆపుదామన్నాడు. అన్ని చోట్ల ఎందుకని సుప్రియ అడిగితే ఫోనులో ఇంకో చోటు గుర్తు పెట్టుకున్నాడు. ఎందుకో అర్చనకు తెలుసు. తెలిసిన సంగతి ఇద్దరూ ఒకరితో ఒకరు ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడే మేనత్త వెంకటమ్మ ఎండు జొన్నరొట్టెల మూటతో వచ్చింది. తండ్రి భీమయ్యకు అక్క. ఆమె ఇల్లు పక్క సందులోనే.

"ఏందే, పొద్దుగాల్నే మొఖాలు గిట్ల పెట్టిండ్రు? బండి స్టార్టు అయితలేదా? కొత్తది గద."

"అత్తా, అమ్మను ఏడ పెట్టినవ్?" అన్నాడు జితేందర్.

"ఏం మాట్లాడుతున్నవ్ అల్లుడా?"

"ముంతల ఇసుక నింపినవ్. అమ్మను ఏడ పెట్టినవ్ అంటున్న."

వెంకటమ్మ మూట అరుగు మీద పెట్టి వచ్చి ముంతలోకి తొంగి చూసింది. తల ఎత్తి మేనల్లుడి మీద విరుచుకుపడింది.

"నోరు మంచిగుంచుకో. బీచుపల్లిల కలుపుండ్రి అని నలుగుట్ల నిలబడి చెప్పిన. ఇప్పుడు గూడ చెప్త. దొంగతనంగ చేసే ఖర్మ నాకేంది? నేను చేస్తే డప్పు కొట్టించి చేస్త."

"మరి నీకు తప్ప ఈ ఊర్ల ఎవరికి పట్టింది ఆ పంచాయితీ?"

"పట్టదా? మీ తాత కృష్ణలనే కలిసిండు, మీ నాయనమ్మ కృష్ణలనే కలిసింది. మీ అమ్మనొక్కదాన్ని తెల్వని ఊర్ల ఇడిసిపెట్టొస్తనంటివి."

"నా అమ్మ, నా కారు. నేను తీస్కపోత. మీకెవరికి ఏం నొప్పి?"

"నొప్పి నాకు గాదు, దానికి. ఆ కారు దిక్కు చూస్తెనే కడుపుల తిప్పేది దానికి. బతికినన్ని దినాలు బండెక్కాలంటే ఏడ్చింది. సచ్చినంక ఎక్కిస్తున్నవ్, అడగ నోరు లేదని."

జితేందర్ తల తిప్పుకున్నాడు. సుప్రియ పని లేకున్నా వంటింట్లోకి పోయింది. అరుగు చివర పల్లికాయ వొలుస్తూ కూర్చున్న భీమయ్య మాత్రం తల ఎత్తలేదు. విత్తనానికి కాయ వొలవడం ఏటా భాగ్యమ్మ పని. ఈ ఏడు ఆయన చేస్తున్నాడు.

భాగ్యమ్మకు బండి పడదన్న సంగతి చుట్టాలందరికీ తెలుసు. గద్వాల బస్సెక్కితే దిగేలోపు రెండుసార్లు వాంతి. కిటికీ పక్క సీటు, చేతిలో నిమ్మకాయ, కొంగులో కవరు. అందరూ ఆటపట్టించేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. శ్రావణ శనివారాలు బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి ఆటోలు పోతున్నా ఎక్కకుండా నడిచే పోయి వచ్చేది.

అలాంటి మనిషి అర్చన కొత్తింటి గృహప్రవేశమని ఆ రోజు కారెక్కింది. సుప్రియ ముందు రోజే వనపర్తికి పోయింది. జితేందర్ నడుపుతున్నాడు, పక్కన అమ్మను పిలుచుకుపోవడానికి వచ్చిన అర్చన, వెనక అమ్మా నాయినా. బీచుపల్లి బ్రిడ్జి ఎక్కేసరికి అమ్మకు వాంతి. ముఖమంతా చెమట. "నన్ను ఈడ దించుండ్రి. కృష్ణల మొఖం కడుక్కొని ఇంటికి నడిచి పోత," అంది. "ఇగో, పెబ్బేరు అచ్చిందమ్మా, ఆడ ఆపుత," అన్నాడు జితేందర్. అర్చన వెనక్కి తిరిగి నిమ్మకాయ అందిస్తూ నవ్వింది. "బిడ్డ ఇల్లు చూడకుంటనే వాపసు పోతవా? వాసన చూడు, తగ్గుతది."

పెబ్బేరులో ఆపలేదు. అమ్మ నిద్రపోయిందన్నాడు నాయిన. వనపర్తిలో మామిడి తోరణం కట్టిన గడప ముందు కారు ఆగినా ఆమె లేవలేదు. దవాఖానలో డాక్టరు గుండెపోటన్నాడు. ఆ చెమట, ఆ వాంతి దానివేనన్నాడు.

"నేను ఠాణాకు పోతున్న," జితేందర్ కారు తాళం తీసుకున్నాడు. "వెతుకుత. ఎవడు తీసిండో దొరకాలె. మనం ఇయ్యాల బయలెల్లాలె."

"ఏం తీస్కొని బయలెల్లుతం అన్నా?"

అతను కారు దగ్గరికి పోయి, అక్కర లేకున్నా అద్దం తుడవసాగాడు. అర్చనకు అతన్ని చూస్తే భయమేసింది. ఈ ప్రయాణం లేకపోతే ఇతను ఏమైపోతాడు? ఒక్కచోట ఆపనందుకు దారి పొడవునా ఆపుతూ పోదామనుకున్నవాడు.

ముంతను నేల మీద పెట్టబోతుండగా ఆమె చూపు దాని మెడకున్న తాడు మీద పడింది. పక్కనే, ముడి కోయడానికి తెచ్చుకున్న కత్తి ఉంది. అది వాడే పనే పడలేదు. ఇందాక కొస పట్టి లాగితే ముడి దానంతటదే ఊడి వచ్చింది. దినాల రోజు ఆ ముంతకు తాడు కట్టింది జితేందర్. ముడి మీద ముడి, దాని మీద ముడి వేశాడు. జారిపడుతుందేమోనని రెండుసార్లు గుంజి చూశాడు. ఇవాళ ఊడిన ముడి అది కాదు. గుంజకు ఎద్దును కట్టేసే ముడి ఇది. గట్టిగా ఉంటుంది, లాగితే జారుతుంది. ఎడ్లను అమ్మేశాక ఈ ఇంట్లో ఆ ముడి వేసే చేతులు రెండే మిగిలాయి.

అర్చన మెల్లగా అరుగు దగ్గరికి నడిచింది. తండ్రి కాళ్ల ముందు కూర్చుంది. నిన్న వాళ్లు వచ్చేసరికి ఆయన ముసుగు తన్ని పడుకుని, మోకాళ్లు గుంజుతున్నాయన్నాడు. పంచె అంచు జరిపి పాదాలు ఒళ్లోకి తీసుకుంది. రెండు అరికాళ్లకూ పసుపు పూసి ఉంది. పసుపు కింద బొబ్బలు.

"నాయినా," అంది. "నిన్న ఏడికి పోయినవ్?"

పల్లికాయ చిట్లిన చప్పుడు. ఇంకోటి చిట్లింది. కారు తలుపు వేసిన చప్పుడు వినగానే భీమయ్య చేతులు ఆగాయి.

"జిత్తూ, తాళంచెవి లోపల పెట్టు. దొంగ ఇంట్లనే ఉన్నడు."

జితేందర్ దిగి వచ్చాడు. వెంకటమ్మ తమ్ముణ్ని చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నేనే తీసిన," అన్నాడు భీమయ్య. ఆయన గొంతులో ఏమీ లేదు, పొలం సంగతి చెబుతున్నట్టే ఉంది. "నిన్న మీరు గద్వాలకు పోయినంక దించుకొని ఎత్తుకున్న. ఎల్లన్న ఆటో ఆపి రమ్మన్నడు, ఎక్కలె. ఆమెకు పడదు గద. చెప్పులిడిసి, శనివారాలు ఆమె ఎట్ల పోతుండెనో గట్లనే నడిచి బీచుపల్లికి పోయిన. మోకాలి లోతు నీళ్లల్ల దిగి ఇడిసిన. ఖాళీ ముంత చూస్తే నువ్వు తట్టుకోవని, బరువు తెల్వకుంట ఆడి ఇసుకనే నింపుకొచ్చిన. నువ్వు కాశీ దాంక పోయి దీన్నే గంగల కలిపి, మనసు తేలిక చేసుకొని అస్తవనుకున్న. డబ్బాల మారుస్తరని నాకేం ఎరుక."

జితేందర్ తిడతాడనుకుంది అర్చన. అతను తిట్టలేదు. అరుగు మెట్టు మీద, ఆమె పక్కన కూలబడ్డాడు. అతని భుజం ఆమె భుజానికి తగిలింది.

"నేను ఆపలేదని గద," అన్నాడు. నెల నుంచి నోట్లో ఉన్న మాట అది. "ఆ దినం దించుమంటే నేను కారు ఆపలే. అందుకే నా కారుల పంపొద్దనుకున్నవ్. గంతే గద నాయినా?"

"నేను నవ్విన," అంది అర్చన. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "నిమ్మకాయ ఇచ్చి నవ్విన."

తండ్రి పాదం ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. పసుపు మీద నీటిచుక్క పడితే పైనుంచి ఏం రాలిందా అని చూసి, అది తన కంటి నీరేనని తెలుసుకుంది. భీమయ్య చాటను పక్కకు నెట్టాడు. ఒక చెయ్యి కొడుకు తల మీద, ఒక చెయ్యి కూతురు తల మీద పెట్టాడు.

"మీరు గట్ల అనుకుంటున్నరని నాకు తెల్సు. తెల్సి గూడ నెల దినాలు నోరు మూసుకున్న, అది నా ఇంకో తప్పు. మీకు తెల్వదు బిడ్డా. ఎప్పటి వాంతులే అనుకుంటిరి. ఎవరైనా గట్లనే అనుకుంటరు. నాకు తెల్సు. బిర్జి ఎక్కంగనే నా చెయ్యి గట్టిగ పట్టుకొని చెవుల చెప్పింది. 'ఇది కారుతోని గాదు, ఎదల ఏందో పిండుతుంది' అన్నది. ముందల కొడుకు కొత్త బండి నడుపుతుండె. బిడ్డ కొత్తింటికి పోతుంటిమి. మంచి గడియల పిల్లల ముందల గట్ల అనకు, జర ఓర్చుకో అన్న. ఓర్చుకున్నది. మల్ల నోరు తెరవలె. పెబ్బేరు కాడ నువ్వు ఆపబోతుంటే, నిద్రపోయింది, పోనియ్ అన్నది నేనే. చెయ్యి సల్లబడుతుంటే నాకు తెలుస్తనే ఉండె. ఎండకో, గాలికో అనుకున్న. కారు ఆపనోడివి నువ్వు గాదు జిత్తూ. ఆపుమని చెప్పనోణ్ని నేను. ఈడ దించుమని ఆమె అడిగింది మిమ్మల్ని గాదు, నన్ను. ఆ దినం దించలె. నిన్న దించిన."